బావ అమ్మిన దిగుడు బండి

ఎక్కినవాణ్ణి చూసి లోకం చప్పట్లు కొడుతుంది. దిగినవాణ్ణి చూసి "అయిపోయింది వీడి పని" అంటుంది. నిచ్చెన ఎక్కేటప్పుడు కింద పట్టుకోవడానికి పదిమంది వస్తారు, దిగేటప్పుడు మాత్రం ఎవరి పని మీద వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. కానీ ఒక్క లిఫ్టు మెకానిక్కును అడిగి చూడండి, లెక్క తిరగేసి చెబుతాడు. పైకి తీసుకెళ్ళడానికి మోటారు చాలు, భద్రంగా కిందికి దించడానికే మనిషి కావాలంటాడు.

ఇది అలాంటి మెకానిక్కు కథ. నలభై నాలుగేళ్ళు, సన్నటి మనిషి, మోచేతి దాకా గ్రీజు. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో సగం మేడల లిఫ్టులు అతని చేతి మీదుగానే నడుస్తున్నాయి. ఇంటి తలుపు గొళ్ళెం కూడా రెండుసార్లు లాగి చూస్తేగాని నిద్రపోడు. అలాంటివాడికి కొండ మీంచి సైకిలు మీద దూకుతూ దిగే పిచ్చి ఎలా పట్టిందంటే, అదంతా బావ చలవ.

బావంటే సొంత అక్క మొగుడు. ఇళ్ళ పైకప్పులకు రేకులు బిగించే పని. పని దగ్గర ఎంత ఎత్తునైనా చేతులు వదిలేసి నిలబడతాడు, కొండ మీద బ్రేకులు వదిలేసి దిగుతాడు. ఊరి వెనక కొండ నెత్తిన ఒక సిగ్నలు టవరుంది. అక్కణ్ణుంచి కింద సైకిలు షాపు దాకా రాళ్ళూ రప్పలూ మలుపులతో ఒక బాట. వెల్డరూ, ఆస్పత్రి కాంపౌండరూ, బ్యాంకు గుమాస్తా, ఇలా ఓ పదిహేను మంది ఆదివారం ఆదివారం ఆ బాట మీద దిగుతారు. ఎవరు ఎంతసేపట్లో దిగారో షాపు తాత తన పక్క గోడ మీద నీలం రంగుతో రాస్తాడు. ఏడేళ్ళుగా ఆ గోడ మీద మొదటి వరస బావదే: నాలుగు నిమిషాల యాభై రెండు సెకన్లు. అట్టడుగు వరస బావమరిదిది: ఆరు నిమిషాల ఇరవై. అదీ ఎవరిదో అడుక్కుని దిగిన బండి మీద. కొండ దగ్గర అతని పేరే "బ్రేకు". సగం దారిలో "అత్తగారి మలుపు" అని ఒకటుంది. ఎంత జాగ్రత్తగా వెళ్ళినా ఏదో ఒకటి అంటుందని ఆ పేరు. అక్కడ మిగతావాళ్ళు వాలిపోయి దాటేస్తారు. ఇతను మాత్రం దాదాపు దిగి, నమస్కారం పెట్టి వెళతాడని అందరి వెటకారం.

ఆ బళ్ళ గురించి ఒక మాట చెప్పుకోవాలి. దిగుడు బండంటే ముందు మోటారుసైకిలుకున్నంత లావు ఫోర్కు, సీటు కింద వేలెడు మందం తీగె చుట్టిన స్ప్రింగు, పెద్ద డిస్కు బ్రేకులు. కొండెక్కడానికి పనికిరాదు. ఎక్కేటప్పుడు దాన్ని మనం తోయాలి, దిగేటప్పుడు అది మనల్ని మోస్తుంది. చుట్టాల్లో కూడా ఇలాంటివాళ్ళు ఉంటారు. కాకపోతే వాళ్ళు దిగేటప్పుడు కూడా మన నెత్తినే ఉంటారు. కొత్త బండి కొనాలంటే లిఫ్టు మెకానిక్కు ఏడాది పస్తుండాలి. పాతది కొనడమే దారి, పాతది ఎవరమ్ముతారా అని ఎదురుచూడటమే పని.

ఏడాదికోసారి ఆ బాట మీద పోటీ జరుగుతుంది. పోయినేడు పోటీ అయిన వారానికి బావ బాట మీది మూడు మెట్ల రాయి దగ్గర పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రి మంచం పక్కన అక్క పెద్దగా అరవలేదు. "బండైనా ఉండాలి, నేనైనా ఉండాలి. ఏది కావాలో రాత్రిలోగా చెప్పు" అని వెళ్ళిపోయింది. బావ మర్నాడు పొద్దున్నే బావమరిదికి కబురు పెట్టాడు.

బేరం షాపు తాత ముందే జరిగింది. మెకానిక్కు బండిని తలకిందులు చేశాడు. చక్రాలు తిప్పి చెవి ఆనించి విన్నాడు. ఫోర్కును నొక్కి వేలితో తుడిచి, అంటిన ఆయిలు బావకు చూపించాడు.

"సీళ్ళు పోయాయి బావా. బేరింగులు ఇసక నమిలినట్టు అరుస్తున్నాయి. టైర్లు నీ నెత్తిలా నున్నగా ఉన్నాయి."

"ఒరేయ్, సంబంధం చూడ్డానికి వచ్చావా, శవపరీక్ష చేయడానికొచ్చావా?" అన్నాడు బావ, చెయ్యి మెడకు వేలాడుతూ ఉండగానే.

"కొనేవాడికి నోరుండాలి బావా."

"నీకు అదొక్కటే ఉంది. నేను ఆ నున్నటి టైర్ల మీదే నాలుగు యాభై రెండు దిగాను బామ్మర్దీ. నీకు రెక్కలు కట్టినా ఆరు దాటుతావు."

ఆ మాటకు షాపు తాత కూడా నవ్వాడు. మెకానిక్కు నవ్వలేదు. రెండు నెలల జీతం బావ చేతిలో పెట్టాడు. ఆ నిమిషాన మనసులో ఒకటే అనుకున్నాడు. ఈ బండి మీదే, వచ్చే పోటీలో, గోడ మీది మొదటి వరసలో నీలం రంగుతో తన అంకె రాయించాలి. అంతకు మించి అతను జీవితంలో ఎవర్నీ ఏమీ అడిగింది లేదు.

తాత ఇద్దరి చేతులూ సీటు మీద పెట్టించి షరతు గుర్తుచేశాడు. ఆ కొండ దగ్గర పెద్దల నాటి నుంచి ఉన్న షరతే. పడినవాడో, ఇంట్లో పోట్లాడినవాడో బండి అమ్మితే, అది బేరం కాదు, ఏడుపు. ఏడుపు తగ్గాక వాడికి మళ్ళీ కావాలనిపిస్తుంది. కాబట్టి మరుసటి పోటీ లోపు అమ్మినవాడు అదే ధరకి వాపసు అడిగితే కొన్నవాడు ఇవ్వాలి. పాత పార్టులతో, అమ్మిననాటి బండిలా అప్పగిస్తే కొత్తగా వేసినవన్నీ కొన్నవాడివే. పాతవి లేకపోతే బండి ఎలా ఉంటే అలాగే ఇచ్చేయాలి.

"అందుకే తీసినవన్నీ అటకెక్కించు" అన్నాడు తాత.

"ఈయన వాపసు అడగడు తాతా. అక్క బతికుండగా అడగడు."

"అడగను" అన్నాడు బావ. నిజంగానే అన్నాడు.

ఇక్కడ లిఫ్టుల పని గురించి ఒక సంగతి చెప్పుకోకపోతే తర్వాతి కథ తిక్కగా కనిపిస్తుంది. లిఫ్టువాళ్ళకు ఒక నియమం ఉంది. అరిగిన పార్టు తీశాక అది ఆ మేడలో ఒక్క పూట కూడా ఉండకూడదు. అతను పనిలో చేరిన కొత్తల్లో ఒక మేడలో అరిగిన బ్రేకు కట్టలు తీసి మోటారు గదిలో ఓ మూల పడేసి వెళ్ళాడు. నెల తిరక్కుండానే కొత్తవి కీచుమంటున్నాయని ఆ మేడ మేనేజరు తెలివిగా పాతవి తీసి బిగించాడు. లిఫ్టు అంతస్తున్నర జారింది. మందుల సంచితో ఉన్న ఒక ముసలావిడ చీలమండ విరిగింది. ఆవిడ తిట్టలేదు. "నాయనా, ఇది నువ్వేనా చూసేది?" అని మాత్రం అడిగింది. ఆ రోజు నుంచీ ఏ పార్టు తీసినా పసుపు పెన్నుతో తేదీ రాసి, సూర్యుడు గుంకేలోగా గడప దాటిస్తాడు. ఇంట్లో పాత చీపురు కూడా అంతే.

ఆ అలవాటే కొంప ముంచింది.

మొదట టైర్లు మార్చాడు. చేతిలో కాస్తే ఉన్నప్పుడు ముందు నేలను పట్టుకునేదాన్నే మార్చాలి, మిగతా సోకులన్నీ తర్వాత. పాతవి అదే రోజు కాంపౌండరుకు అమ్మేశాడు. భార్య గుమ్మంలో నిలబడి చూసింది. ఆవిడ మందుల డబ్బాలు ప్యాకింగు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, ఏదీ పారేసే మనిషి కాదు.

"అటక మీద ఏనుగు పడుకునేంత చోటుంది. తాత చెప్పాడు కదా, ఉంచకూడదూ?"

"తీసిన పార్టు ఇంట్లో ఉండకూడదు."

"అలాగైతే నలభై దాటిన మనిషి కూడా ఉండకూడదు" అందామె లోపలికి వెళుతూ.

తర్వాత బ్రేకులు. మంచివి, రెండు వేళ్ళతో నొక్కితే చాలేవి. బ్యాంకు గుమాస్తా ఎవరి దగ్గరో చవగ్గా చూసిపెట్టాడు. పాతవి వెల్డరు పట్టుకుపోయాడు. ఫోర్కు మాత్రం మార్చే తాహతు లేదు. విప్పి, పాత ఆయిలు ఒంపేసి, కొత్త సీళ్ళు వేసి, గొట్టాలు అద్దంలా తుడిచి బిగించాడు. బేరింగులన్నీ మార్చాడు. నాలుగు ఆదివారాలు పట్టింది. చేత్తో నొక్కితే ఫోర్కు నీళ్ళలోకి దిగినట్టు దిగింది. లిఫ్టు తలుపు కూడా అంత మెత్తగా మూసుకోదు. ఆ రోజు అతను భార్యను పిలిచి మరీ నొక్కించాడు. "బాగుంది, పిండి పిసికినట్టుంది" అందావిడ. ఆ నెలంతటికీ అతనికి దక్కిన మెప్పు అదే.

చివరికి స్ప్రింగు. దిగుడు బండికి స్ప్రింగు మనిషి బరువును బట్టి ఉండాలి. బావ దిట్టంగా ఉంటాడు, ఆయన స్ప్రింగు మీద ఇతను కూర్చుంటే గోడ మీద పిచ్చుక వాలినట్టే, అది కదలదు. పక్క ఊళ్ళో స్ప్రింగులు చుట్టేవాడి దగ్గర కాటా ఎక్కి, హెల్మెటు కూడా పెట్టుకుని తూయించుకుని, తన ఒంటికి సరిగ్గా సరిపోయేది చుట్టించుకొచ్చాడు. బావ స్ప్రింగును ఒక మేడ వాచ్‌మన్ అడిగి తీసుకుని, ఇనప గేటు దానంతటది మూసుకునేలా కట్టుకున్నాడు.

ఒక్కో పార్టు పడ్డకొద్దీ గోడ మీద వరస పైకి పాకింది. ఆరు ఇరవై కాస్తా అయిదు యాభై అయింది, అయిదు ఇరవై అయిదయింది, అయిదు పది అయింది. స్ప్రింగు పడ్డ ఆదివారం అత్తగారి మలుపు దగ్గర మొదటిసారి నమస్కారం పెట్టకుండా దాటాడు. నాలుగు నిమిషాల యాభై ఎనిమిది! "ఒరేయ్ బ్రేకు ఫెయిలైందిరో!" అని వెల్డరు కేక వేశాడు. ఇంక ఆరు సెకన్లు, అంతే. పోటీకి మూడు వారాలుంది. ఆ రాత్రి అతను గొళ్ళెం లాగి చూడకుండా పడుకున్నాడు.

మరుసటి ఆదివారం బావ కొండ కిందికి వచ్చాడు. భుజం అతుక్కుంది, పొట్ట పెరిగింది. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఫోర్కు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఇంటికి వెళ్ళేముందు సీటు మీది దుమ్ము తన తువాలుతో తుడిచాడు.

మూడు రోజులకు అక్క వచ్చింది. వంటింట్లో పీట మీద కూర్చుంది, తమ్ముడి వంక చూడకుండా గోడ మీది గడియారాన్ని చూస్తూ మొదలుపెట్టింది.

"మీ బావ మనిషిలా లేడు తమ్ముడూ. తింటాడు, పనికెళతాడు, వస్తాడు. మంచం మీద కూర్చుని గాల్లో బ్రేకులు వేస్తుంటాడు. రాత్రి నేనే అన్నాను, ఒక్కసారి దిగు, ఈ ఒక్కసారే, అని."

"దేని మీద దిగుతాడక్కా?"

అక్క గడియారం మీంచి చూపు తిప్పలేదు.

"నువ్వే కదే అమ్మించింది! ఏడాది, అక్కా! ఏడాది పాటు ఒక్కో నట్టూ..."

"తెలుసు."

"తెలిసే అడుగుతున్నావా?"

"చిన్నప్పటి నుంచీ నువ్వెప్పుడైనా నాకు కాదన్నావా?" అందామె. తీపిగా అనలేదు, పన్ను పీకే డాక్టరు అన్నట్టు అంది.

భార్య పొయ్యి దగ్గర్నుంచి తిరిగి చూసింది. "వదినా, టీ తాగి వెళ్ళండి" అంది. ఆ మాటను ఆవిడ అన్న తీరుకు అక్క తాగకుండానే వెళ్ళింది.

షాపు తాత షరతు మళ్ళీ చదివాడు. "పాత పార్టులుంటే కొత్తవి విప్పుకో. లేకపోతే అలాగే ఇచ్చెయ్. నేను చెప్పానా లేదా?"

"చెప్పావు తాతా."

మెకానిక్కు రెండు రోజులు ఆలోచించాడు. ఆలోచించాడంటే మరిగాడు. తన ఏడాదిని వేసుకుని బావ దిగడం, తన టైర్ల మీద అత్తగారి మలుపు దాటడం, గోడ మీద మళ్ళీ ఆ పేరే పడటం తలుచుకుంటే అన్నం సహించలేదు. మూడో రోజు సంచి పట్టుకుని బయల్దేరాడు. ఒక్క కొత్త నట్టు కూడా పోనివ్వకూడదు, తను కొన్ననాటి బండి ఎలా ఉందో అలాగే అప్పగించాలి.

కాంపౌండరు పాత టైర్లు ఏడాది పాటు తొక్కాడు. "అమ్మను గానీ, నీ కొత్తవి ఇస్తే ఇవి ఇస్తాను" అన్నాడు. వెల్డరూ అదే మాట. "పాతవాటికి కొత్తవి మారకం ఇస్తానంటే వద్దనేవాణ్ణి ఎక్కడైనా చూశావా? నేనూ మనిషినే కదరా." అవసరం మొహం మీద రాసుకుని తిరిగేవాడికి బేరం ఎక్కడిది? కొత్త టైర్లు పోయాయి, కొత్త బ్రేకులు పోయాయి. వాచ్‌మన్‌కు బజార్లో గేటు మూసే స్ప్రింగు ఒకటి కొని, తనే బిగించి, తుప్పు పట్టిన బావ స్ప్రింగు విప్పుకొచ్చాడు. ఏ ఒక్కటీ పోనివ్వకూడదనుకున్నవి ఒక్కొక్కటీ తన చేత్తోనే పంచిపెట్టి వచ్చాడు. మనిషి పంతానికి పోతే లెక్కలు రావు. అవి వచ్చేది మర్నాడు.

చావడి నిండా పార్టులు పరుచుకుని పాతవి బిగిస్తుంటే భార్య చాలాసేపు చూసి అంది: "ఫోర్కులో కొత్త ఆయిలు పోశారుగా. అది కూడా ఒంపేసి పాతది ఎక్కడుందో వెతుక్కొస్తారా?"

అతని చెయ్యి ఆగింది. ఫోర్కు వంక చూశాడు. నాలుగు ఆదివారాలు. అద్దంలా తుడిచిన గొట్టాలు. అందులో కావాలని ఇసక పోయడం ఒక్క క్షణం పని. కానీ ఆ చేతులకు అది చేతకాదు. ఏ మేడలోనైనా ఏ లిఫ్టునైనా చెడగొట్టమంటే అవి కదలవు. ఫోర్కునీ బేరింగులనీ అలాగే వదిలేశాడు.

పోటీకి నాలుగు రోజుల ముందు బండిని బావ ఇంటి ముందు నిలబెట్టాడు. బావ చెప్పులైనా వేసుకోకుండా బయటికి వచ్చాడు. టైర్లు చూశాడు. బ్రేకులు చూశాడు. తుప్పు స్ప్రింగు చూశాడు.

"ఇదేంట్రా?"

"నువ్వు అమ్మిందే బావా. ఒక్క నట్టు తేడా ఉంటే చెప్పు."

బావ జేబులోంచి డబ్బు తీసి ఇచ్చాడు. బండి హ్యాండిలు పట్టుకుని నేల చూస్తూ, "నువ్వు కట్టిన బండి మీద చెరోసారి దిగుదామనుకున్నాన్రా. ముందు నువ్వు, తర్వాత నేను" అన్నాడు.

ఆ మాట నిజమో, అప్పటికప్పుడు పుట్టిందో మెకానిక్కుకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు. కొన్ని మాటలు ఆలస్యంగా వస్తే నిజమైనా అబద్ధమైనా ఒకే బరువు తూగుతాయి.

పోటీ రోజు బండి లేనివాడు కాబట్టి అతన్నే గడియారం పట్టుకోమన్నారు. "నువ్వైతే అర సెకను కూడా అటూ ఇటూ చెయ్యవు" అన్నాడు తాత. అది పొగడ్తే. టవరు దగ్గర్నుంచి ఫోనులో "వదిలాం" అనగానే నొక్కడం, గీత దాటగానే నొక్కడం. వెల్డరు తన కొత్త బ్రేకులతో అయిదూ అయిదు, కాంపౌండరు తన కొత్త టైర్లతో అయిదు పన్నెండు దిగారు. ఇద్దరూ వచ్చి అతని వీపు తట్టారు.

చివరికి "వదిలాం, జారుడుబండ" అని వినిపించింది. బావకు కొండ పెట్టిన పేరు అది.

నున్నటి టైర్లు, పాత బ్రేకులు, గేటు స్ప్రింగు. ఏడాది తొక్కని కాళ్ళు, పెరిగిన పొట్ట. మూడు మెట్ల రాయి దగ్గర దుమ్ము లేచింది. అత్తగారి మలుపు దగ్గర దుమ్ము కూడా లేవలేదు, అంత నున్నగా వచ్చాడు. ముందు ఫోర్కు ప్రతి రాయినీ మింగి, తిరిగి మెల్లగా విడుస్తోంది. అది కింద నిలబడ్డ పాతిక మందిలో ఒక్కడికే కనిపించింది. గీత దాటాడు. మెకానిక్కు బొటనవేలు నొక్కింది.

నాలుగు నిమిషాల నలభై తొమ్మిది.

ఆ అంకె ఇంకా అతని అరచేతిలోనే ఉంది. యాభై మూడంటే యాభై మూడే, యాభై అయిదంటే యాభై అయిదే, అడిగేవాడు లేడు. అతను తలెత్తాడు. "నాలుగు నలభై తొమ్మిది" అని గట్టిగా చెప్పాడు. లిఫ్టుల పుస్తకంలో రాసినట్టే చెప్పాడు.

తాత రంగు డబ్బా తీశాడు. బావ రొప్పుతూ వచ్చి బావమరిది మెడ చుట్టూ చెయ్యి వేశాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"చూశావురా? పాత టైర్లు, పాత బ్రేకులు. ఒక్కటీ మార్చలేదు! బండిదేముంది బామ్మర్దీ, మనిషిలో ఉండాలి. నువ్వు అనవసరంగా ఏడాది పాటు ఆ డబ్బంతా తగలేశావు."

ఫోర్కు సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. తాత రంగు పూస్తున్నాడు, జనం చప్పట్లు కొడుతున్నారు. ఇప్పుడు చెబితే గెలిచినవాడి పళ్ళెంలో చెయ్యి పెట్టినట్టుంటుంది. చెప్పకపోతే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. "అవును బావా" అన్నాడు.

రెండు వారాలకు అక్క వచ్చింది, ఈసారి టీ తాగింది. బావ మళ్ళీ నవ్వుతున్నాడట. చెప్పిన మాట మీద నిలబడి కొండ మానేశాడట. బండిని ముందుగదిలో గోడకు రెండు మేకులు కొట్టి వేలాడదీశాడట. వచ్చినవాళ్ళకు చూపిస్తున్నాడట.

మెకానిక్కు గోడతో మాట్లాడుతున్నట్టు అడిగాడు: "ఊరికే వేలాడేదే కదక్కా. అమ్ముతాడేమో అడిగి చూడలేకపోయావా?"

"అడిగాను తమ్ముడూ."

"ఏమన్నాడు?"

అక్క గ్లాసు కింద పెట్టింది. "ఎవరికీ అమ్మడట. నీకైతే అసలే అమ్మడట. నువ్వు అన్నీ మార్చేస్తావట."

పొయ్యి దగ్గర భార్య ఒక నవ్వు నవ్వింది. దానంత చేదు నవ్వు ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ వినలేదు.

అక్క వెళ్ళాక అతను అటక కింద సంచి విప్పాడు. ఏడాదిలో కొన్నవాటిలో మిగిలింది అదొక్కటే, అతని బరువుకు చుట్టించిన స్ప్రింగు. కాంపౌండరుకు పనికిరాదు, వెల్డరుకు పనికిరాదు, వాచ్‌మన్ గేటుకు కూడా పనికిరాదు. పసుపు పెన్ను తీసి, తీసిన తేదీ రాశాడు. సూర్యుడు గుంకడానికి ఇంకా గంటుంది, పాత ఇనుం కొట్టు వీధి చివరే.

"బయట పడేసి వస్తారా?" అడిగింది భార్య.

"రేపు" అన్నాడు. స్టూలు లాక్కుని, స్ప్రింగును అటకెక్కించాడు.